బోర్డు చూడని కృపావరం మాస్టారు

కృపావరం మాస్టారు సిటీ బస్సు ఎక్కేటప్పుడు బోర్డు చూడడు. నంబరు చూడడు. ఎవరినీ అడగడు. వచ్చి ఆగిన బస్సు ఏదైతే అది ఎక్కేస్తాడు. కళ్ళు లేక కాదు, చదువు రాక అసలే కాదు. కంప్యూటర్లు రాకముందు అమీర్‌పేట గుమాస్తాల్లో సగం మందికి టైపు నేర్పిన మనిషి. కావాలనే చూడడు. స్టాపులో జనమంతా మెడలు సాచి, ఒకరి భుజాల మీద ఒకరు పడి నంబర్లు వెతుక్కుంటుంటే, ఈయన తల వంచుకుని తన చెప్పులు చూసుకుంటూ నిలబడేవాడు. బ్రేకు కీచుమందంటే లోపలికి. అది పటాన్‌చెరు పోతుందో ఉప్పల్ పోతుందో డ్రైవరుకూ దేవుడికీ తెలియాలి.

సత్యం థియేటరు వెనక సందులో నాకో రెండంతస్తుల ఇల్లుంది. కింద ముందు భాగంలో మెస్సు నడిపేదాన్ని. వెనక గదిలో మాస్టారు అద్దెకుండేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు, టైపు మిషన్లన్నీ దుప్పట్లు కప్పుకుని పడుకున్నాయి. కాబట్టి ఆయన సంగతి నాకంటే బాగా తెలుసునని ఎవరైనా అంటే నమ్మకండి.

ఈ తెగులు ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. ప్రసంగంలో అంటుకుంది. వాళ్ళ చర్చికి సొంత కట్టడం లేదు. వారమంతా కంప్యూటర్ కోచింగు జరిగే మూడో అంతస్తు హాలును ఆదివారం పూట తీసుకునేవాళ్ళు. బోర్డు మీద జావా పాఠం తుడిచి దాని మీదే జెకర్యా పాస్టరు వాక్యం రాసేవాడు. సరిగా తుడిచేవాడు కాదు, రెండూ కలిసిపోయేవి. వెనక వరసలో హాస్టలు పిల్లలు ఎందుకైనా మంచిదని రెండూ రాసుకునేవాళ్ళు. ఆరాధన తర్వాత పెట్టే ఉప్మా నాది. గిన్నె పక్కన నిలబడి ప్రసంగాలన్నీ విన్నాను. మా ఎల్లమ్మ తల్లి నన్నేమీ అనుకోలేదు. ఉప్మా చల్లారకుండా చూసుకోవాలని ఆమెకూ తెలుసు.

ఒక ఆదివారం పాస్టరు ఐర్లండు సన్యాసుల సంగతి ఎత్తాడు. వెయ్యేళ్ళు దాటిన మాటట. వాళ్ళు తోలుతో పడవ కట్టుకుని, తెడ్లు ఒడ్డునే వదిలేసి సముద్రం మీదికి పోయేవాళ్ళట. గాలి ఏ ఒడ్డుకు చేరిస్తే అక్కడి జనానికి దేవుడి మాట చెప్పేవాళ్ళట. "మనమూ అలా బయల్దేరాలి!" అని పాస్టరు బల్ల గుద్దాడు. హాలంతా ఆమేన్ అంది. అని, నా ఉప్మా తిని, ఇళ్ళకు పోయి బిర్యానీ తిని పడుకుంది. కృపావరం మాస్టారు ఒక్కడే ప్లేటు పట్టుకుని నిలబడిపోయాడు.

"రుద్రమ్మగారూ, మనకి సముద్రం లేదు కదండీ."

"హుస్సేన్‌సాగర్ ఉన్నది. దూకుతవా?"

"కాదండీ" అన్నాడు ఆలోచిస్తూ. "ఆర్టీసీ ఉంది."

మర్నాడే బయల్దేరాడు. ఆ బస్సు కండక్టరు హనుమాండ్లు. తర్వాత్తర్వాత వీళ్ళిద్దరూ మస్తు దోస్తులయ్యారు గానీ, మొదటి రోజు సంగతి హనుమాండ్లు మా మెస్సులో అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

"టికెట్ యాడికి?"

"ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా ఇవ్వండి."

"గట్ల టికెట్ ఉండది పెద్దమనిషీ. స్టాపు పేరు చెప్పాలె."

"మీరే చెప్పండి. మీ నోట ఏది వస్తే అదే దేవుడి చిత్తం."

హనుమాండ్లు ఆయన్ని కింది నుంచి మీదికి చూసి, "అయితే ఎర్రగడ్డ ఆస్పత్రి కాడ దింపుత. మంచిగ చూస్తరు" అన్నాడు. బస్సంతా నవ్వింది. మాస్టారు "సంతోషమండీ" అని నిజంగానే దిగాడు. నిజంగానే ఆస్పత్రి ఆవరణలోకి పోయాడు. రోగుల తాలూకు మనుషుల మధ్య సాయంత్రం దాకా కూర్చుని వచ్చాడు.

"ఎట్లున్నరు సారూ పిచ్చోళ్ళు?" అన్నాను.

"చాలా మర్యాదస్తులండీ. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడరు. మా చర్చి కమిటీలో అది లేదు."

అక్కడితో బుద్ధి వస్తుందనుకున్నాను. రాలేదు. ఒకరోజు మేడ్చల్, ఒకరోజు మెహిదీపట్నం. ఒకరోజు బస్సు తిన్నగా డిపోలోకే పోతే, బస్సు కడిగేవాళ్ళతో కలిసి బకెట్టు పట్టాడు. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే అడిగేదాన్ని: "ఇయ్యాల గాలి యాడికి గొట్కపోయింది?" ఆయన సంబరంగా ఊరి పేరు చెప్పేవాడు.

ఇంతకీ సువార్త చెప్పాడా అంటే, మొదలు మాత్రం చాలామందికి చెప్పాడు. పక్కన ఎవరు కూర్చున్నా, "వెనకటికి ఐర్లండు అనే దేశంలో సన్యాసులుండేవారండీ" అని ఎత్తుకునేవాడు. పడవ దాకా వచ్చేవాడు. తెడ్లు లేవనేవాడు. కథ అక్కడ ఆగిపోయేది. ఎందుకంటే తెడ్లు లేవనగానే వినేవాళ్ళకు తమ సంసారం గుర్తొచ్చేది.

"గట్లనే ఉన్నది సారూ నా కొడుకు ఇల్లు" అని సనత్‌నగర్ దగ్గర ఒక ముసలమ్మ అందుకునేది. కోడలు, కోడలి తల్లి, కోడలి తల్లి కొన్న టీవీ, అన్నీ వచ్చేవి. మాస్టారు "అయ్యో" అనేవాడు. అయ్యో అనడంలో ఆయన్ని మించినవాడు జంటనగరాల్లో లేడు. ఒక్కొక్కరికీ ఒక్కో అయ్యో. ముసలమ్మ దిగే వేళకు ఆమె మూట ఆయన నెత్తిన ఉండేది, దేవుడి మాట ఆయన నోట్లోనే ఉండేది.

ఆదివారం పాస్టరు లెక్క అడిగేవాడు. బుచ్చిబాబు అనే ఆయన మొదట లేచేవాడు. పంజాగుట్ట చౌరస్తాలో ఎర్రలైటు పడ్డప్పుడల్లా కార్ల అద్దాల్లోంచి కరపత్రాలు వేసేవాడు. డ్రైవర్లు వాటితో అద్దాలు తుడుచుకునేవాళ్ళు. అయినా వేసినవి వేసినట్టే కదా, చప్పట్లు. అమీర్‌పేటలో కరపత్రమంటే ఏమిటో ఆయనకు తెలియక కాదు. ఇక్కడ నడిచే ప్రతి పిల్లవాడి చేతిలోనూ గజానికొకరు ఒరాకిల్ కోర్సు కాగితం పెడతారు. బుచ్చిబాబు నిత్యజీవం కాగితం ఇస్తే ఒక కుర్రాడు, "ఫీజెంతన్నా? ప్లేస్‌మెంట్ ఉన్నదా?" అన్నాడు.

"ఉంది బాబూ. పరలోకంలో."

"వీసా మీరే చేపిస్తరా?"

ఇలాంటి ఘనకార్యాల తర్వాత కృపావరం మాస్టారు వంతు వచ్చేది. "మరి మీరండీ? ఎంతమందికి చెప్పారు?"

"పూర్తిగానా అండీ? ఎవరికీ చెప్పలేదు. ఉప్పల్లో ఒకాయన గ్యాసు బండ మోశాను."

పాస్టరు కళ్ళు మూసుకుని ఆయన కోసం ప్రార్థన చేసేవాడు.

ఇలా ఉండగా అమెరికాలో కంప్యూటర్ కంపెనీలకు పోగాలం వచ్చింది. అక్కడ తాళాలు పడితే ఇక్కడ మాదాపూర్లో దీపాలు ఆరాయి. మా మేడ మీద రవికాంత్, మంజూష అని తెనాలి వైపు జంట ఉండేవాళ్ళు, పెళ్ళయి ఏడాది. రవికాంత్‌ను ముందు బెంచీ మీద కూర్చోబెట్టారు. పని లేకుండా జీతమిచ్చి కూర్చోబెట్టడాన్ని వాళ్ళ భాషలో బెంచీ అంటారట. కొన్నాళ్ళకు బెంచీ కూడా తీసేశారు.

ఈ సంగతి ఆ పిల్లవాడు నాకు చెప్పలేదు. పెళ్ళానికీ చెప్పలేదు. కానీ సందు మొగలో ఆగే కంపెనీ వ్యాను రావడం మానేసింది. "ఖర్చు తగ్గిస్తున్నారు మామ్మగారూ, బస్సులో పోతున్నాను" అన్నాడు. సరే అనుకున్నాను. ఒకనాడు రైతుబజారుకు పోతుంటే, పట్టపగలు, ఎదురుగా వచ్చి ఆగిన బస్సులో కిటికీ పక్కన రవికాంత్! మెడలో గుర్తింపు కార్డు, ఒళ్ళో నేను కట్టిచ్చిన డబ్బా, చేతిలో నా వంకాయకూర ముద్ద. నన్ను చూసి ముద్ద డబ్బాలో పెట్టేశాడు. దించుకున్న ఆ తల చూస్తే నాకు అంతా తెలిసిపోయింది.

సాయంత్రం మెట్ల దగ్గర ఆపాను. "నీ పెండ్లానికి చెప్పు బిడ్డా."

"ఉద్యోగం దొరికాక చెప్తానండీ. ఇప్పుడు తెలిస్తే మామగారు వచ్చి తీసుకుపోతారు. అల్లుడిది అద్దాల మేడలో ఉద్యోగమని ఊరంతా చెప్పుకున్నారు. మంజూష పోతే నాకిక్కడ ఎవరున్నారు?"

నా నోరు ఎలాంటిదో వాడలో అందరికీ తెలుసు. అయినా ఈ ఒక్క మాట పళ్ళ బిగువున పట్టుకున్నాను. ఆ పిల్లవాడు రోజూ తొమ్మిదికి బూట్లు తుడుచుకుని బయల్దేరేవాడు, ఆరుకు వచ్చేవాడు. బూట్ల అడుగులు అరిగిపోతున్నాయి, మనిషీ అరిగిపోతున్నాడు. ట్యాంక్‌బండ్ మీదుగా పోయే బస్సులో కూర్చున్నాడంటే, ఏ ఘడియలో సాగర్లో దూకుతాడోనని నాకు భయం.

అప్పుడే ఇంకో సంగతి నా కంట పడింది. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు బయల్దేరే మాస్టారు, ఇప్పుడు తొమ్మిదికే పోతున్నాడు, ఆరుకే వస్తున్నాడు. అడిగితే హనుమాండ్లు, "మీ సారు, మీ మీది పోరడు ఒక్క బస్సులనే కూసుంటరుగదమ్మా" అన్నాడు. నాకు మండింది. కష్టంలో ఉన్నవాడికి మతం తొందరగా ఎక్కుతుందని పట్టుకున్నాడన్నమాట!

"ఏం సారూ, గాలి రోజూ ఆ పిల్లగాని ఎనకనే ఈస్తుందా?"

"నేనెక్కిన బస్సులో ఆయన ఉంటున్నారండీ" అన్నాడు మాస్టారు, తన చెప్పులకేసి చూస్తూ.

"ఏం చెప్తున్నవ్ వానికి?"

"ఐర్లండు కథ మొదలుపెట్టానండీ."

"యాడిదాకా వచ్చింది?"

"తెడ్ల దగ్గర ఆగిందండీ."

ఇంతలో మంజూష తండ్రి రాఘవయ్య దిగాడు. ఇస్త్రీ పంచె, నుదుట విభూతి, చేతిలో మామిడిపళ్ళ బుట్ట. కాఫీ తాగుతూనే ప్రకటించాడు: "అక్కయ్యగారూ, రేపు మా అల్లుడి ఆఫీసు చూసి రావాలి. ఆయన కూర్చునే కుర్చీ చూడాలి. ఊళ్ళో అందరూ అడుగుతున్నారు, ఎలా ఉంటుందని."

"లోపలికి ఎవరినీ రానివ్వరు మామగారూ" అన్నాడు రవికాంత్, ముఖం గోడ రంగుకు తిరిగి.

"బయట నిలబడి చూస్తాలే. నువ్వు లోపలికి వెళ్ళి చెయ్యి ఊపు."

మర్నాడు పొద్దున నేనూ స్టాపులోనే ఉన్నాను. ఎర్రగడ్డ రైతుబజారుకు పోయే బస్సు కోసం సంచి పట్టుకుని నిలబడ్డాను. రవికాంత్ కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. మామగారు పెళ్ళికి పోతున్నంత హుషారు. పక్కన మాస్టారు తల వంచుకుని చెప్పులు చూసుకుంటున్నాడు. మాదాపూర్ బస్సు వచ్చింది. రాఘవయ్య "ఇదేగా?" అన్నాడు. రవికాంత్ కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోయాడు. ఎక్కితే ఆఫీసు గేటు దగ్గరికి పోవాలి, అక్కడి గార్డు పొమ్మంటాడు. ఎక్కకపోతే ఇక్కడే చెప్పాలి.

ఆ వెనకే ఇంకో బస్సు వచ్చి ఆగింది. అప్పుడు జరిగింది, నేను కళ్ళారా చూశాను. కృపావరం మాస్టారు తల ఎత్తాడు. కళ్ళద్దాలు సర్దుకున్నాడు. బోర్డు చదివాడు. మాదాపూర్‌కు సరిగ్గా వ్యతిరేక దిక్కు, దిల్‌సుఖ్‌నగర్.

"ఇదండీ! ఇది ఖాళీగా ఉంది, ఎక్కండి, ఎక్కండి!" అని రాఘవయ్యను నడుం పట్టి లోపలికి తోశాడు. రవికాంత్‌ను చొక్కా పట్టి లాగాడు.

ఎర్రగడ్డలో వంకాయలు ఎక్కడికీ పోవు. నేనూ ముందు తలుపులోంచి ఎక్కేశాను. ఆడవాళ్ళ సీట్లలో చివరి వరసలో కూర్చుంటే మగవాళ్ళ మాటలన్నీ వీపుకు తగులుతుంటాయి.

"ఇది మాదాపూర్ పోతుందా?" రాఘవయ్య అడుగుతున్నాడు.

"ఎక్కడికో అక్కడికి పోతుందండీ" అన్నాడు మాస్టారు.

"ఎక్కడికో ఏంటండీ? ఏయ్ కండక్టరూ!"

ఆ కండక్టరు హనుమాండ్లే. "వచ్చిండా మన సారు? ఆయన ఎంబడి ఎక్కినంక ఫికర్ చెయ్యొద్దు పెద్దాయనా. యాడికి పోతున్నమో అడగొద్దు."

"నేను దిగిపోతాను!" అని రాఘవయ్య లేచాడు. కానీ అప్పటికే పంజాగుట్ట వచ్చింది. పంజాగుట్ట చౌరస్తాలో పొద్దుటి పూట బస్సు ఇరుక్కుంటే దిగడానికి కాలు పెట్టే సందు కూడా ఉండదు. కూర్చున్నాడు. "ఎవరండీ మీరు? బుద్ధుందా? ఆఫీసు టైములో ఉద్యోగస్తుణ్ణి పట్టుకుని..."

"తప్పు నాదేనండీ. నాకు బోర్డు చూసే అలవాటు లేదు" అని, మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "వెనకటికి ఐర్లండు అనే దేశంలో సన్యాసులుండేవారండీ..."

పడవ వచ్చింది. తెడ్లు లేవన్నాడు.

"తెడ్లు లేకుండా ఎక్కడికి పోదామని?" రాఘవయ్య కసిరాడు.

"ఎక్కడికనేం లేదండీ. పొద్దున్నే బయల్దేరడం, అంతే."

రాఘవయ్య కిటికీ వైపు తిరిగాడు. ఖైరతాబాద్ ఎర్రలైటు దగ్గర, చాలా చిన్న గొంతుతో, "నాదీ అదేనండీ" అన్నాడు.

"అయ్యో" అన్నాడు మాస్టారు. రాఘవయ్యకు సరిగ్గా సరిపోయే అయ్యో.

అంతే, కట్ట తెగింది. రాఘవయ్య రిటైరయ్యి ఏడాదట. ఇంట్లో కూర్చుంటే భార్య చీపురుతో చుట్టూ ఊడుస్తుందట. ఎవరైనా అడిగితే సొసైటీ ఆఫీసులో సలహాకు పిలుస్తున్నారని చెప్పి, పొద్దున్నే క్యారియరు పట్టుకుని రైల్వే స్టేషన్‌కు పోయి కూర్చుంటున్నాడట. "అల్లుడి ఆఫీసు ఒక వంక. నాకు పోవడానికి ఏదో ఒక చోటు కావాలండీ."

నా వెనక ఎవరో నవ్వారు. చూస్తే రవికాంత్. నెలల తర్వాత ఆ పిల్లవాడి పళ్ళు చూశాను. నవ్వుతూనే, "మామగారూ, నాకు ఆఫీసు లేదు" అన్నాడు.

రాఘవయ్య అల్లుడి వైపు పూర్తిగా తిరిగాడు.

"ఎన్నాళ్ళయింది?"

"మూడు నెలలు."

"మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేస్తున్నావు?"

"బస్సులోనే. ఏది ఖాళీగా ఉంటే దాంట్లో."

"బస్సులో ఏం తింటావయ్యా, కుదుపులకి? స్టేషన్ బెంచీ మేలు. పైన ఫ్యాన్ కూడా ఉంటుంది" అన్నాడు రాఘవయ్య. మళ్ళీ తనే, "సరే. మంజూషకి ఎవరు చెప్తారు?" అన్నాడు. మామా అల్లుడూ ఇద్దరూ మాస్టారు ముఖం చూశారు. మాస్టారు నా వీపు చూశాడు.

"నన్ను జూడకుండ్రి" అన్నాను తిరగకుండానే.

చివరికి ముగ్గురూ మా మెస్సు గుమ్మంలో వరసగా నిలబడ్డారు. హోంవర్కు చేయని పిల్లల్లా. రవికాంత్ నోరు తెరిచేలోపే మేడ దిగి వచ్చిన మంజూష, "నాకు తెలుసు" అంది.

"ఎలా?"

"మీ చొక్కాలు ఉతికేది నేనే కదా. ఏసీ గదిలో కూర్చున్నవాడి చొక్కాకి డీజిల్ వాసనేంటి? మీరే చెప్తారని చూస్తున్నాను. మూడు నెలలు కిటికీ పక్కన కూర్చున్నారే, పంజాగుట్ట దాకా ప్రతి గోడ మీదా జావా చెప్పే సార్లు కావాలని రాసుంది, ఒక్క గోడైనా చదివారా?"

చదవలేదు. ఆ వచ్చే సోమవారం నుంచి, చర్చి జరిగే ఆ హాల్లోనే రవికాంత్ జావా చెప్పాడు. ఉద్యోగం పోయినవాడు ఉద్యోగం గ్యారంటీ క్లాసు చెప్పడం మా అమీర్‌పేటలోనే చెల్లుతుంది. బాగా చెప్తాడట, హాలు చాలడం లేదన్నారు.

మంజూషకు చెప్పిన సాయంత్రమే మాస్టారికి అన్నం వడ్డిస్తూ నిలదీశాను. "బోర్డు చూసినవ్."

"కళ్ళజోడు తుడుచుకుంటుంటే కనబడిందండీ."

"మూడు నెలల సంది తుడుచుకుంటనే ఉన్నవా? ఆ పిల్లగాడు ఎక్కిన బస్సే నీకు దొరుకుడేంది?"

మాస్టారు అన్నంలో పచ్చడి కలిపాడు. తర్వాత బతిమాలుతున్నట్టు, "ఒంటరిగా కూర్చునేవాడండీ. పాస్టరు గారితో మాత్రం అనకండి, తెడ్డు వేశానని తెలిస్తే బాగుండదు" అన్నాడు. అనలేదు. ఇంకో గరిటె నెయ్యి మాత్రం వేశాను. వేసినందుకు నన్ను నేనే ఆశ్చర్యంగా చూసుకున్నాను.

రాఘవయ్య మాత్రం తెనాలి పోలేదు. మర్నాడు తొమ్మిదికి ఇస్త్రీ పంచెతో మాస్టారి తలుపు కొట్టాడు. ఇప్పుడు స్టాపులో ఇద్దరూ తలలు వంచుకుని నిలబడుతున్నారు. ఐర్లండు కథ రాఘవయ్యే చెప్తున్నాడని హనుమాండ్లు అన్నాడు. విభూతి పెట్టుకుని, చేతులు తిప్పుతూ, చివరి దాకా చెప్తాడట. జనం నమ్మరని పడవకు తెడ్లు కూడా పెట్టేశాడట. మాస్టారు పక్కన కూర్చుని, అడ్డుపడకుండా, చేతిలో ఎవరిదో మూట పట్టుకుని వింటాడట.

పది రోజులకు తెనాలి నుంచి రాఘవయ్య భార్య అరుణాదేవి ఫోను చేసింది.

"వదినగారూ, మా ఆయన రానంటున్నారు. అక్కడేదో పని దొరికిందంటున్నారు. ఈ వయసులో ఆయనకి పనెవరిచ్చారండీ?"

"దొరికింది తియ్యి వదినా. పొద్దుగాల వోతడు, మాపటికి వస్తడు. మంచిగున్నడు."

"అసలేం పని?"

ఏం చెప్పను? సన్యాసులు, తోలు పడవ, ఇవన్నీ ఫోనులో అయ్యేవి కావు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"పక్కన కూసునే పని."



"పక్కన కూర్చోవడం కూడా ఒక పనేనా? నలభై ఏళ్ళుగా నేను చేస్తున్నదేంటంట మరి?" అంది అరుణాదేవి. "ఉండమనండి, రేపు పొద్దుటి రైలుకి నేనూ వస్తున్నాను."